చర్చి రిజిస్టరులో షేక్స్పియరు కుటుంబము

రాజుల చరిత్రను శాసనములు చెప్పును. ప్రభువుల చరిత్రను వారి దానపత్రములు చెప్పును. చేతితొడుగులు కుట్టి అమ్ముకొని బ్రతికిన ఒక పట్టణవాసి ఇంట ఎందరు బిడ్డలు పుట్టినారో, వారిలో ఎవరు నిలిచినారో, ఎవరు పసితనముననే పోయినారో నాలుగు వందల ఏండ్ల తరువాత మనకు చెప్పగలవారెవరు? ఇంగ్లండు దేశములో ఈ ప్రశ్నకు సమాధానము ఊరి చర్చిలో భద్రపరచిన రిజిస్టరులలో దొరకును. వాటి సాయముతో ఒక కుటుంబపు జాడ ఎట్లు తీయవచ్చునో, ఆ జాడ ఎక్కడ తెగిపోవునో, తెగినచోట ఏమి చేయవలెనో ఈ ప్రసంగములో చెప్పదలచినాము. ఉదాహరణకు మేము ఎన్నుకొన్నది స్ట్రాట్‌ఫర్డు పట్టణపు షేక్స్పియరు కుటుంబము. ఆ ఇంటిలో ఒకడు లోకప్రసిద్ధుడైన నాటకకర్త అయినందున, ఆ రిజిస్టరులో వారికి సంబంధించిన ప్రతి పంక్తిని పండితులు పలుమారులు పరిశీలించినారు, పొరపాట్లు పడినారు, దిద్దుకొన్నారు. నేర్చుకొనదలచిన వారికి ఇంతకంటె మంచి పాఠము దొరకదు.

మొదట ఈ పుస్తకములు ఎట్లు పుట్టినవో చెప్పవలెను. ఎనిమిదవ హెన్రీ రాజు పోపు అధికారమును త్రోసిపుచ్చి, 1534లో తన దేశపు చర్చికి తానే అధినేత అయినాడు. ఆయన మంత్రి థామస్ క్రాంవెల్ 1538 సెప్టెంబరులో ఒక ఉత్తరువు చేసినాడు. ప్రతి పారిష్ లోను, అనగా ఒక చర్చి పాలనకు లోబడిన ప్రతి పరిధిలోను, ఒక పుస్తకము ఉంచవలెను. గడచిన వారములో జరిగిన బాప్తిస్మములను, వివాహములను, ఖననములను ప్రతి ఆదివారము చర్చి పెద్దల ఎదుట మతగురువు అందులో వ్రాయవలెను. ఆ పుస్తకమును రెండు తాళములు గల పెట్టెలో ఉంచి, ఒక తాళపుచెవి మతగురువు వద్దను, రెండవది చర్చి పెద్దల వద్దను ఉండునట్లు చూడవలెను. తప్పిన ప్రతిసారి 3 షిల్లింగుల 4 పెన్నీలు జరిమానా. ఆ సొమ్ము చర్చి మరమ్మతులకు వినియోగింపవలెను.

ప్రజలకు ఈ ఉత్తరువు రుచించలేదు. పుట్టుకకును చావుకును పన్ను వేయుటకే ఈ లెక్కలని అనుమానించినారు. ఆనాడు పన్ను రాలేదు; పుస్తకములు నిలిచినవి. అయితే మొదటి రోజులలో పెక్కుచోట్ల కాగితములపై వ్రాసినందున అవి చిరిగిపోవుచుండెను. ఎలిజబెత్ రాణి కాలమున, 1598లో వచ్చిన ఆజ్ఞ ప్రకారము పాత వ్రాతలను గట్టి చర్మపత్రములపై తిరిగి వ్రాయవలసి వచ్చినది. ముఖ్యముగా ఆమె ఏలుబడి తొలి యేడు మొదలు వ్రాసిన చాలునన్నారు. అందుచేతనే పెక్కు పారిష్ లలో నేడు మనకు లభించు రిజిస్టరులు 1558తో ప్రారంభమగును. స్ట్రాట్‌ఫర్డు రిజిస్టరు అట్టిదే. 1600వ సంవత్సరము వరకు దానిలోని వ్రాత అంతయు ఒకే చేతివ్రాత. ప్రతి పుట అడుగున అప్పటి మతగురువు రిచర్డ్ బైఫీల్డ్ సంతకము ఉన్నది.

ఇక్కడనే మొదటి హెచ్చరిక. మహాకవి బాప్తిస్మమును తెలుపు పంక్తి కూడ ఆనాడు వ్రాసినది కాదు. ముప్పదియారు సంవత్సరముల తరువాత తీసిన నకలు. నకలు వ్రాసినవాడు ఒక పేరు విడిచిపెట్టినా, ఒక తేది తారుమారు చేసినా మనకు తెలియు మార్గము తక్కువ.

రెండవ హెచ్చరిక ఏమనగా, ఈ పుస్తకములో జనన మరణములు లేవు. చర్చిలో జరిగిన కర్మలు మాత్రమే ఉన్నవి. జాన్ షేక్స్పియరు కుమారుడు విలియముకు 1564 ఏప్రిల్ 26న బాప్తిస్మము జరిగినదని లాటిను భాషలో ఒక పంక్తి కలదు. అతడు పుట్టినది ఏప్రిల్ 23 అని లోకము పండుగ చేసుకొనుచున్నది; కాని ఆ తేది ఊహ. పుట్టిన కొలది దినములలోనే బాప్తిస్మము జరిపించుట ఆనాటి ఆచారము. 1616 ఏప్రిల్ 23న తన యేబది మూడవ యేట మరణించినాడని చర్చి గోడమీది స్మారకచిహ్నము చెప్పుచున్నది. ఈ రెండును కలిపి ఊహించిన తేది అది. రిజిస్టరును చదువువాడు వ్రాసినదేదో, ఊహించినదేదో వేరువేరుగా ఉంచుకొనవలెను.

ఇక కుటుంబము. తండ్రి జాన్ చేతితొడుగుల వ్యాపారి. హెన్లీ వీధిలో కాపురము. తల్లి మేరీ ఆర్డెన్, సమీపమున గల విల్మ్‌కోట్ గ్రామస్థురాలు. వారి వివాహము ఏ రిజిస్టరులోను దొరకదు. విల్మ్‌కోట్ ఆస్టన్ కాంట్లో పారిష్ లోనిది. అక్కడి రిజిస్టరు 1560లో మొదలగును. అప్పటికే వీరికి బిడ్డ పుట్టినది. స్ట్రాట్‌ఫర్డు రిజిస్టరులో 1558 సెప్టెంబరు 15న జాన్ షేక్స్పియరు కుమార్తె జోన్ బాప్తిస్మము కనబడుచున్నది. తరువాత 1562 డిసెంబరు 2న మార్గరెట్. ఆ శిశువు ఖననము 1563 ఏప్రిల్ 30న. ఆ మరుసటి యేడు విలియము. 1566లో గిల్బర్ట్, 1569లో జోన్, 1571లో ఆన్, 1574లో రిచర్డ్, 1580లో ఎడ్మండ్.

ఇందులో జోన్ అను పేరు రెండుమారులు వచ్చినది. మొదటి జోన్ ఖననము ఎక్కడను వ్రాసిలేదు. పోయిన బిడ్డ పేరు తరువాతి బిడ్డకు పెట్టుట ఆనాడు తరచు జరిగెడిది. కనుక 1569 నాటికి మొదటి పిల్ల బ్రతికి లేదని చరిత్రకారులు నిర్ణయించినారు. బ్రతికియున్న ఇద్దరు బిడ్డలకు ఒకే పేరు పెట్టిన కుటుంబములు కూడ ఆ దేశములో ఉన్నవి గనుక ఇది రుజువు కాదు, బలమైన అనుమానము. అయితే తరువాతి కాగితములలో జోన్ అను చెల్లెలు ఒక్కతెయే కనబడుచున్నది. ఈ రెండవ జోనును శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము; కథ చివర ఆమెతో మనకు పని ఉన్నది.

విలియముకు మూడు నెలలైనను నిండకముందే ఆ పుస్తకములో మరొక పంక్తి. 1564 జూలై 11న ఒక సాలెవాని వద్ద పని నేర్చుకొనుచున్న కుర్రవాని ఖననము వ్రాసి, దాని ప్రక్కన లాటినులో మూడు మాటలు చేర్చినారు. ఇక్కడ ప్లేగు ప్రారంభమైనదని వాటి అర్థము. సంవత్సరాంతములోగా ఆ చిన్న పట్టణములో సుమారు 200 మంది పోయినారు. హెన్లీ వీధిలోని ఆ పసివాడు ఎట్లు తప్పించుకొన్నాడో రిజిస్టరు చెప్పదు. ఖననముల పుటలలో అతని పేరు లేదు. మనకు తెలిసినది అంతే.

ఒకే పేరు గల ఇద్దరిని వేరుపరచుట ఈ విద్యలో అన్నింటికంటె కష్టమైన పని. 1709లో నికొలస్ రో కవిచరిత్ర వ్రాయుచు జాన్ షేక్స్పియరుకు పదిమంది సంతానమని చెప్పినాడు. నిజమునకు ఎనమండుగురే. ఆ పట్టణముననే చెప్పులు కుట్టు వృత్తిలో ఉన్న మరొక జాన్ షేక్స్పియరు ఉండెడివాడు. అర్సులా, హంఫ్రీ, ఫిలిప్ అను అతని బిడ్డల బాప్తిస్మములు కూడ ఆ రిజిస్టరులోనే ఉన్నవి. వారిని కవి తోబుట్టువులుగా ఎంచుటవలన లెక్క పెరిగినది. తరువాతివారు దీనిని దిద్దుటకు సాయపడినది ఒక చిన్న గౌరవపదము. కవి తండ్రి 1568లో పట్టణ సభకు అధ్యక్షుడైనాడు. అది మొదలు అతడు మర్యాదస్థుల లెక్కలోనివాడు. 1571లో ఆన్ బాప్తిస్మము వ్రాసినప్పుడును, అటు తరువాత రిచర్డ్, ఎడ్మండులవి వ్రాసినప్పుడును తండ్రి పేరుకు ముందు ‘మాస్టర్’ అను గౌరవచిహ్నము చేర్చినారు. చెప్పులు కుట్టువాని బిడ్డల పంక్తులలో అది లేదు. ఒక్క మాట రెండు కుటుంబములను విడదీసినది.

ఆ ఆన్ అను పిల్ల ఏడేండ్లు మాత్రమే బ్రతికినది. 1579 ఏప్రిల్ 4న ఆమె ఖననము. గంట మ్రోగించుటకును, శవముపై కప్పు వస్త్రమునకును షేక్స్పియరుగారి కుమార్తె కొరకు 8 పెన్నీలు చెల్లించినట్లు లెక్కలలో కలదు. తండ్రి ఆ రోజులలో అప్పులపాలై భార్య భూములను తాకట్టు పెట్టియున్నాడు. ఆ సంగతి తెలిసిన తరువాత ఎనిమిది పెన్నీల పద్దును మనము వేరుగా చదువుదుము.

విలియము వివాహము స్ట్రాట్‌ఫర్డు రిజిస్టరులో లేదు. దానికొరకు వూస్టరు నగరములోని బిషప్ కచ్చేరీకి పోవలెను. చర్చిలో మూడుమారులు చాటించుటకు బదులు ఒక్కమారు చాటించి పెండ్లి జరుపుటకు అనుమతి కోరుచు, 1582 నవంబరు 28న ఇద్దరు రైతులు 40 పౌండ్లకు ముచ్చలికా వ్రాసి ఇచ్చినారు. అందులో వధువు స్ట్రాట్‌ఫర్డు పారిష్ కు చెందిన ఆన్ హాథవే. కాని దానికి ముందుదినము అదే కచ్చేరీ దప్తరములో, టెంపుల్ గ్రాఫ్టన్ గ్రామపు ఆన్ వాట్లీతో పెండ్లికి అనుమతి యిచ్చినట్లున్నది. కవి ఒకరిని వలచి మరొకరిని పెండ్లాడినాడని దీనిమీద కొందరు కథలల్లినారు. అదే దినమున ఆ కచ్చేరీలో వాట్లీ అను పేరుగల మరొకని వ్యాజ్యము విచారణలో ఉన్నది. ఆ పేరు గుమాస్తా కలమున పొరపాటుగా దొర్లినదనుట సులభమైన సమాధానము. కథ అల్లుటకు ముందు ప్రక్క పుట చూడవలెనని దీని నీతి.

పెండ్లినాటికి వరునికి పదునెనిమిదేండ్లు. వధువు వయస్సు ఆమె సమాధిరాతిని బట్టి సుమారు ఇరువదియారు. ఆమె పుట్టుకనాటికి మనకు లభించు రిజిస్టరు ఇంకను మొదలు కాలేదు. వయస్సు మీరిన స్త్రీ కుర్రవానిని వలలో వేసుకొన్నదని పలువురు వ్రాసినారు. కేంబ్రిడ్జిలో 1964లో ఏర్పడిన ఒక పరిశోధక బృందము ఇంగ్లండు పారిష్ రిజిస్టరులను వందల సంఖ్యలో పరిశీలించి, 1541 మొదలు 1871 వరకు ఆ దేశ జనాభా చరిత్రను 1981లో ప్రకటించినది. దానికి ఆధారము 404 పారిష్ ల రిజిస్టరులు. ఇట్టి పరిశోధనల వలన తేలినదేమనగా, ఆ కాలమున ఇంగ్లండులో సామాన్య స్త్రీలు సగటున ఇరువదియైదు, ఇరువదియారేండ్లకు పెండ్లాడెడివారు. పురుషులు ఇంకను రెండుమూడేండ్లు పెద్దవారై పెండ్లాడెడివారు. అనగా వధువు వయస్సులో వింత లేదు. వింత అంతయు వరుని వయస్సులోనిది. వేలాది అనామకుల పంక్తులు కలిసి ఒక ప్రసిద్ధుని భార్యపై పడిన నిందను తొలగించినవి.

1583 మే 26న మొదటి కుమార్తె సుజానా బాప్తిస్మము. తరువాత హామ్నెట్, జూడిత్ అను కవలలకు ఫిబ్రవరి 2న. ఏ సంవత్సరము? రిజిస్టరులో 1584 అని ఉండును. మనము 1585 అని చెప్పవలెను. ఆనాడు ఇంగ్లండులో కొత్త సంవత్సరము మార్చి 25న మొదలయ్యెడిది. జనవరి, ఫిబ్రవరి నెలలు పాత సంవత్సరమునకే చెందెడివి. 1752లో గాని ఆ దేశము జనవరి 1వ తేదిని సంవత్సరాదిగా స్వీకరింపలేదు. ఈ సంగతి మరచినవాడు బిడ్డను తల్లిదండ్రుల పెండ్లికి ముందే పుట్టించగలడు!

కవలల తండ్రి కొన్ని సంవత్సరముల తరువాత రెండు జతల కవలలు ఒకరికొకరుగా పొరబడు హాస్యనాటకము వ్రాసినాడు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ‘చమత్కార రత్నావళి’ అను పేర తెలుగువారికి అందించినది ఆ నాటకమునే. ఆ కవలలలో కుమారుడు నిలువలేదు. 1596 ఆగస్టు 11న ఖననముల పుటలో విలియము షేక్స్పియరు కుమారుడు హామ్నెట్ అని ఒక పంక్తి. వయస్సు పదునొకండేండ్లు. వ్యాధి ఏదో వ్రాయలేదు. తండ్రి లండను నుండి సమయమునకు వచ్చినాడో లేదో వ్రాయలేదు. ఆ పుస్తకమునకు అది పని కాదు. ఆ పంక్తికి పైన, క్రింద ఉన్న పంక్తులును అంతే పొడవు; వారి దుఃఖములును అక్కడ లేవు.

ఊరు విడిచినవారి జాడ తీయవలెనన్న ఊరి పుస్తకము చాలదు. కడసారి తమ్ముడు ఎడ్మండ్ లండనులో నటుడైనాడు. 1607 ఆగస్టు 12న క్రిపిల్‌గేట్ ప్రాంతపు సెయింట్ జైల్స్ చర్చి రిజిస్టరులో, నటుడు ఎడ్వర్డ్ షేక్స్పియరుకు వివాహము లేక పుట్టిన శిశువు ఖననము ఉన్నది. ఎడ్మండుకు బదులు గుమాస్తా ఎడ్వర్డ్ అని వ్రాసినాడని పెక్కురి అభిప్రాయము. ఆ సంవత్సరము డిసెంబరు 31న థేమ్సు నదికి ఆవలి సదర్క్ లోని సెయింట్ సేవియర్స్ చర్చిలో ఎడ్మండ్ ఖననమైనాడు. పూట దాటకముందే పెద్దగంట మ్రోగించుటకు 20 షిల్లింగులు చెల్లించినారు. చెల్లించినవారి పేరు లేదు. ఇరువదియేడేండ్ల నటునికి అంత ఖర్చు ఎవరు పెట్టగలరో ఊహించుట కష్టము కాదు. అయినను అది ఊహయే.

పంక్తులు ఇక త్వరత్వరగా వచ్చును. 1601లో తండ్రి, 1608లో తల్లి, 1612లో గిల్బర్ట్, 1613లో రిచర్డ్. గిల్బర్టు పేరు ప్రక్కన లాటినులో ‘యువకుడు’ అని ఉన్నది, వయస్సు నలుబదియైదేండ్లు! ఇది అతని కుమారుడు కాబోలునని కొందరు తలచినారు. అట్టి కుమారుని బాప్తిస్మము ఎక్కడను లేదు. అవివాహితుడను అర్థములో వాడియుందురని ఇప్పటి అభిప్రాయము. ఎనమండుగురిలో మిగిలినవారు విలియము, జోన్.

1616వ సంవత్సరపు పుటలు ఒక నాటకమువలె ఉన్నవి. ఫిబ్రవరి 10న చిన్న కుమార్తె జూడిత్ కు థామస్ క్వైనీతో వివాహము. మార్చి 15న మార్గరెట్ వీలర్ అను స్త్రీ, ఆమె శిశువు ఖననము. ఈ రెండు పంక్తులకు సంబంధమున్నదని చాలకాలము ఎవరికిని తెలియదు. ఆ స్త్రీతో తన సంబంధమును మార్చి 26న చర్చి న్యాయస్థానములో క్వైనీ ఒప్పుకొన్నాడని తెలుపు కాగితములు తరువాత బయటపడినవి. దానికి ముందుదినముననే మామగారు తన మరణశాసనమును మార్చి వ్రాయించినాడు. ఏప్రిల్ 17న జోన్ భర్త, టోపీల వ్యాపారి విలియము హార్ట్ ఖననము. ఏప్రిల్ 25న విలియము షేక్స్పియరు. ఎనిమిది దినములలో జోన్ భర్తను, అన్నను పోగొట్టుకొన్నది.

కవి వంశము ఏమైనది? జూడిత్ తన పెద్దకొడుకునకు తండ్రి ఇంటిపేరునే పేరుగా పెట్టినది. తాత పోయిన ఏడు నెలలకు బాప్తిస్మము పొందిన ఆ శిశువు 1617 మే 8న ఖననమైనాడు. మిగిలిన ఇద్దరు కుమారులు 1639లో ఒక నెలలోపలనే పోయినారు. డెబ్బదియేడేండ్లు బ్రతికిన జూడిత్ 1662లో మరణించునాటికి ఆమె సంతానములో ఒక్కరును లేరు. సుజానా కుమార్తె ఎలిజబెత్ రెండు వివాహములు చేసికొన్నది, బిడ్డలు లేరు. 1670లో ఆమెతో కవి సంతతి అంతరించినది.

కవి మరణశాసనమున చెల్లెలు జోనుకు హెన్లీ వీధి యింటిలో సంవత్సరమునకు 12 పెన్నీల అద్దెకు జీవితాంతము నివసించు హక్కు వ్రాసినాడు. ఆమె ముగ్గురు కుమారులకు తలకు 5 పౌండ్లు వ్రాసినాడు. మొదటివాని పేరు విలియము, మూడవవాని పేరు మైకేలు. రెండవవాని పేరు ఉండవలసిన చోట ఖాళీ! మేనమామకు గాని, వ్రాసిన న్యాయవాదికి గాని ఆ పేరు జ్ఞాపకము రాలేదు. తరువాతనైనను ఎవరును పూరింపలేదు.

ఆ ఖాళీని పూరించినది చర్చి రిజిస్టరు. 1605 జూలై 24వ తేది కింద అతని పేరున్నది: థామస్. ఆ థామస్ కుమారుడు జార్జి, జార్జి సంతానము, వారి సంతానము, ఇట్లు పంక్తి వెంట పంక్తి సాగిపోవుచున్నది. 1806లో అమ్ముకొనువరకు హెన్లీ వీధి యిల్లు ఆ హార్ట్ కుటుంబమువారి చేతిలోనే ఉన్నది. జాన్, మేరీల రక్తము నేటివరకు నిలిచినది మహాకవి వలన కాదు, అతని మరణశాసనమున పేరు విడిచిన మేనల్లుని వలన.

రెండు తాళముల పెట్టెలో పుస్తకము ఉంచుమన్న క్రాంవెలు 1540లో రాజాజ్ఞచే శిరచ్ఛేదము పొందినాడు. ఎవరు ప్రసిద్ధులగుదురో, ఎవరి సంతతి నిలుచునో అతనికిగాని, ఆదివారము కలము పట్టిన మతగురువునకుగాని తెలియదు. తెలియదు గనుకనే అందరికిని ఒక్కొక్క పంక్తి వ్రాసినారు. మన యిండ్లలోని పాత కాగితములను పనికిరానివని పారవేయుటకు ముందు, వాటిలో ఏ పేరు ఎవరికి కావలసివచ్చునో మనకును తెలియదని ఒక్క క్షణము ఆలోచించిన మంచిది.